పై ఊట

ఆదెన్న లారీ దిగేసరికి బోరు మూత మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై ఐదేళ్లుంటాయి. చెంగు నడుముకు దోపి, వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప కడ్డీని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, బస్సు కోసం చూసే మనిషిలా నిదానంగా కూర్చుంది. చుట్టూ ముప్పై నలభై మంది మూగి ఉన్నారు. సగం మంది చేతుల్లో ఖాళీ బిందెలు. పొద్దున తొమ్మిదింటికే ఏప్రిల్ ఎండ బడి గోడ మీద తెల్లగా పరుచుకుంది. బడి వెనక, కాల్చిన బొగ్గు బూడిదను నీళ్లతో కలిపి పవర్ ప్లాంటు నింపే బూడిద చెరువు కట్ట, ఊరికి ఉత్తరాన ఎవరో గోడ కట్టినట్టు అడ్డంగా సాగిపోయింది. దాని వెనక పొగగొట్టాలు, వాటి పక్కన కొత్త యూనిటు కోసం లేస్తున్న ఇనుప దూలాలు.

ఊరి పేరు తిమ్మన్నదొడ్డి. అరవై రెండు గడపలు, ఒకటే బోరు. వాల్వు తిప్పి ఊరికి ఆ నీళ్లు వదిలేది మూత మీద కూర్చున్న ఆ మనిషే.

ఆదెన్న తెచ్చిన లారీని ఊళ్లలో 'రాయి పగలగొట్టే బండి' అంటారు. నీళ్లు తగ్గిపోయిన బోరులోకి పైపు దించి, గాలి నింపితే ఉబ్బి గోడలకు బిగుసుకునే రబ్బరు బిరడాతో పైభాగం మూసేస్తారు. ఆ బిరడా కిందికి కొండంత ఒత్తిడితో నీళ్లు తోస్తే, లోపల రాతిలో పూడుకుపోయిన సందులు తెరుచుకుంటాయి. ఎక్కడో ఆగిపోయిన నీరు ఆ సందుల వెంట బోరులోకి వస్తుంది. పద్నాలుగేళ్లుగా ఆదెన్న చేసే పని అదే. జిల్లా ఆఫీసు ఇచ్చిన కాగితం చూసి బిరడా దించడం, రాయి పగలగొట్టడం, ఎంత నీరు పెరిగిందో రాసుకుని ఇంకో ఊరికి పోవడం.

"లేయ్ నాగేంద్రమ్మ," అన్నాడు పంచాయితీ మెంబరు పంపన్న. అప్పటికే చాలాసార్లు అన్నట్టుంది, గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. "మూడు నెలలు ఆఫీసుల సుట్టు తిరిగితె ఈ బండొచ్చింది. నువ్విట్ల కూసుంటె అది ఇంకో ఊరికి పోతది."

"పోనీ. పొయ్యేముందర నేనడిగినదానికి జవాబు చెప్పి పోనీ."

"బోరుకు నీళ్లు ఎక్కువొస్తె తన కాడ లైను కట్టేటోళ్లుండరని ఆమె పరేషాన్," అంది గుంపులోంచి ఒకామె. కొంతమంది నవ్వారు. నాగేంద్రమ్మ అటు తిరిగి చూడలేదు. ఆదెన్న వైపు చూసింది.

"అన్నా, మేస్త్రివి నువ్వేనా?"

"నేనే."

"రాయి పగలగొడ్తవు గదా. అది నువ్వు చెప్పిన దిక్కే పగులుతదా?"

ఎన్ని అంగుళాల నీళ్లు పడతాయని అడిగినవాళ్లను ఆదెన్న లెక్కలేనంత మందిని చూశాడు. ఈ మాట అడిగిన మనిషిని చూడలేదు. భుజం మీది తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"నేను చెప్పినట్ల పగలదమ్మ. దానికి యాడ బలం తక్కువుంటె ఆడ పగులుతది."

ఆమె కడ్డీతో కట్ట వైపు చూపించింది. "ఆ ఎనక బూడిద నీళ్లున్నయి. ఈడికెంత దూరమో నువ్వే సూడు. నడుమల పాత బాయి ఒకటుంది. ప్లాంటోళ్లు చెర్వు నింపినప్పుడల్ల ఆ బాయిల నీళ్లు మీదికొస్తయి, తెల్లగ. పశువు గూడ మూతి పెట్టదు. నువ్వు పగలగొట్టిన సందు అటు దిక్కు పోతె, మా కొడాలల్లకు, బిందెలల్లకు వచ్చేది ఏ నీళ్లు?"

'ఏం గాదు' అన్న మాట ఆదెన్న నాలిక చివరి దాకా వచ్చింది. రోజూ వాడే మాటే. ఆ మనిషి కళ్లు తన మొహం మీదే ఉన్నాయి.

"చెప్పలేను," అన్నాడు. "ఎన్ని నీళ్లొచ్చినయో రాసుకోని పోతం. ఎటుదిక్కునుంచి వచ్చినయో సూడం."

పంపన్న నుదురు కొట్టుకున్నాడు. లారీ డ్రైవరు ప్రతాప్ స్టీరింగు మీద మోచేతులు ఆనించి, ఇవాళ్టికి పని తప్పిందన్నట్టు బీడీ ముట్టించాడు.

"ఒక పని జేద్దాం," అన్నాడు ఆదెన్న. "ముందుగాల మోటరు మీదికి తియ్యాల. దాంతోని ఏ రాయీ పగలదు. తీసి, లోపట సూసి, నీకు చెప్తా. నువ్వు సరే అంటేనే పగలగొడ్తా. అందాక లేయ్."

నాగేంద్రమ్మ లేచింది. కడ్డీ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, గొలుసు తగిలించి పైపులు లాగడం మొదలుపెట్టారు. ఇరవై అడుగుల పైపు ఒక్కొక్కటే పైకి రావడం, కింది పైపును పట్టుకారుతో బిగించి పట్టుకోవడం, పై పైపును రెండు రెంచీలు వేసి విప్పడం, విప్పినదాన్ని ఇద్దరు మోసుకెళ్లి గోడ వారగా పడుకోబెట్టడం. ఒక్కో అతుకూ పదేళ్ల తుప్పుతో అంటుకుపోయింది. ఆదెన్న సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, చెవి పెట్టి విని, మళ్లీ తట్టి అప్పుడు రెంచీ వేసేవాడు. ఊరి జనం ఎండకు తాళలేక ఒక్కొక్కరే జారుకున్నారు. నాగేంద్రమ్మ మాత్రం గోడ పక్క పైపుల దగ్గర గొంతుక్కూర్చుని వాటిని తడుముతూ ఉంది.

"అన్నా, ఇటు రా."

మొదట వచ్చిన పైపు మామూలుగా ఉంది. రెండోదాని నడిమి నుంచి ఏడోదాని దాకా పైపుల మీద ఒక పక్కన తెల్లటి పెచ్చు కట్టింది, గోడకు సున్నం కారినట్టు. ఎనిమిది నుంచి కిందివాటి మీద ఎర్ర తుప్పు తప్ప ఇంకేమీ లేదు. ఆమె గోటితో ఆ పెచ్చు గీకి, వేళ్ల మధ్య నలిపింది.

"నీళ్లున్నది అడుగున గదా. మీది పైపులకు ఈ తెలుపెట్ల పట్టె?"

మోటరు కూడా బయటపడ్డాక ఆదెన్న కంప్రెషరు ఆపించాడు. ప్రతాప్‌ను మాట్లాడవద్దని సైగ చేసి, బోరు పక్కన బోర్లా పడుకుని చెవి లోపలికి పెట్టాడు. దారానికి గులకరాయి కట్టి దించితే నీళ్లు నూట నలభై అడుగుల దగ్గర తగిలాయి. వినిపిస్తున్న చప్పుడు మాత్రం అంత లోతుది కాదు. పైనెక్కడో సన్నగా, ఎడతెగకుండా, గోడ వెంట జారి కింద పడుతున్న నీటి చప్పుడు.

ప్రతాప్ లారీ అద్దం విప్పి తెచ్చాడు. ఆదెన్న దాన్ని అటూ ఇటూ వంచి ఎండను పట్టి బోరులోకి కొట్టాడు. వెలుగు గుండ్రంగా ఇనుప గోడల మీదుగా దిగింది. పది అడుగులు, ఇరవై. ముప్పై దగ్గర, మట్టి కూలకుండా బోరు పైభాగంలో దించే కేసింగు పైపు అతుకు ఊడి, వేలు పట్టేంత సందు ఉంది. ఆ సందులోంచి ఒక నీటి తీగ మెరుస్తూ కిందికి జారుతోంది.

అద్దాన్ని అలాగే పట్టుకుని ఆమెను చూడమన్నాడు. నాగేంద్రమ్మ మోకాళ్ల మీద వంగి చాలాసేపు చూసింది.

"ఏంది అది?"

"పై ఊట. అరవై అడుగుల కేసింగు అని మా కాగితంల ఉంది. ముప్పై కాడ్నే అతుకు ఊడింది. అరవై దాంక ఏసిండ్రో లేదో గూడ దేవునికే మాలుం. మట్టిల ఉండే నీళ్లు ఆ సందుల నుంచి లోపటికి దిగుతున్నయి."

"ఎన్ని దినాలసంది?"

"ఆ తెల్ల పెచ్చు సూస్తె దినాలు గాదమ్మ. ఏండ్లు."

ఆమె తల ఎత్తింది. మొహానికి బోరు అంచు తుప్పు అంటుకుంది. తుడుచుకోలేదు.

"అంటె నువ్వు పగలగొట్టకముందే కలుస్తున్నయి," అంది.

ఆదెన్న జేబులోంచి ఆఫీసు కాగితం తీసి చూశాడు. బిరడా అరవై ఐదు అడుగుల దగ్గర బిగించమని ఉంది. కేసింగు సరిగా ఉందన్న నమ్మకంతో ఎవరో రాసిన అంకె. పొద్దున్నే ఈ మనిషి ఇక్కడ కూర్చోకపోయి ఉంటే, ఈపాటికి తాను అరవై ఐదు దగ్గర బిగించి, పై నీళ్లుండే ఆ మెత్తటి పొరలోకే నీళ్లు తోసి, వేలెడు సందును చేటంత చేసి, నీళ్లు బాగా పెరిగాయని రాసుకుని, ఊరివాళ్లు పోసిన టీ తాగి వెళ్లిపోయి ఉండేవాడు. కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పవర్ ప్లాంటు కాలనీ నుంచి స్కూటరు మీద సాహితి వచ్చింది. జిల్లా ఆఫీసు ల్యాబుకు నీళ్లు పంపితే కబురు రావడానికి పది రోజులు పడుతుంది. కాలనీలో తన మరదలి పక్కింట్లో ఉండే అమ్మాయి ప్లాంటు ల్యాబులో బాయిలర్ నీళ్లు పరీక్ష చేస్తుందని ప్రతాప్‌కు గుర్తొచ్చి, రాత్రే వెళ్లి అడిగి వచ్చాడు. సాహితి ముప్పై ఏళ్ల మనిషి. పొద్దుటి షిఫ్టు దిగి అన్నం కూడా తినకుండా వచ్చినట్టుంది, క్యారియరు స్కూటరుకు వేలాడుతూనే ఉంది. సంచిలోంచి చేతిలో ఇమిడే మీటరొకటి తీసింది.

"ఇది ప్లాంటుది కాదండీ, నా సొంతం. మా నాన్నగారు గోరేబాళలో వరి వేస్తారు. చివరి పొలాలకి కాలవ నీళ్లు ఉప్పగా వస్తున్నాయంటే చూసుకోవడానికి కొన్నాను." ఆగి, కాస్త గొంతు తగ్గించింది. "నేను వచ్చానని ఎవరైనా అడిగితే దాచక్కర్లేదు. చెప్పండి. ప్లాంటు పేరు మీద కాగితం మాత్రం ఇవ్వలేను. నా పేరు మీద రాసి సంతకం పెడతాను."

ఆదెన్న ఆ ఉదయమే బిరడాను నూట పది అడుగుల దగ్గర దించి, గాలి నింపి బిగించాడు. పైనుంచి జారే నీళ్లు ఇప్పుడు అడుగుకు పోకుండా బిరడా మీదే నిలిచాయి. సన్నటి పొడుగాటి డబ్బాను తాడుతో దించి ఆ నీళ్లు తోడాడు. పాత బావిలోంచి నాగేంద్రమ్మ ఇంకో సీసా పట్టుకొచ్చింది. సాహితి మీటరును మొదట బావి నీళ్లలో ముంచింది. మూడు వేల నూట ఎనభై. కడిగి, తుడిచి, బిరడా మీది నీళ్లలో ముంచింది. మూడు వేల నూట పది.

"రెండూ ఒకటేనండీ," అంది మెల్లగా.

తర్వాత కంప్రెషరు వేసి, బిరడా మధ్యగా పోయే పైపులోంచి అడుగు నీళ్లను గాలితో పైకి తోశారు. మొదట బురదగా, నురగతో వచ్చాయి. పదిహేను వందలు. పావుగంట ఆగి మళ్లీ పట్టారు. పదకొండు వందలు. ప్రతాప్ పైపు దగ్గర, సాహితి స్టూలు మీద, నాగేంద్రమ్మ ఆమె పక్కనే నిలబడి మీటరు చిన్న అద్దంలో అంకెలు చూస్తోంది. ఆమెకు చదువు అంతంత మాత్రమే కాని అంకెలు వచ్చు. తొమ్మిది వందలు. ఎనిమిది వందల ఇరవై. గంటన్నర తర్వాత ఏడు వందల పది దగ్గర ఆగిపోయింది, ఇంక దిగలేదు.

"అడుగున ఉన్నది మంచి నీరేనండీ," అంది సాహితి. "ఎండాకాలంలో అది తగ్గినకొద్దీ పై నీటి వాటా పెరుగుతోంది. ఈ మధ్య పప్పు ఉడకడం లేదని ఎవరైనా అన్నారా?"

"రెండేండ్లసంది బ్యాళ్లు ఉడుకుతలేవు," అంది నాగేంద్రమ్మ. "ఎండలకని అనుకుంటిమి."

"ఒక మాటండీ. ఈ మీటరు నీళ్లలో ఎంత కరిగి ఉందో చెబుతుంది. ఏం కరిగి ఉందో చెప్పదు. సీసాలు పట్టుకెళ్లి మిగతావి చూస్తాను. అంతవరకూ మాత్రం ఈ నీళ్లు తాగకపోవడమే మంచిది."

కబురు తెలిసి పంపన్న వచ్చాడు. విన్నాడు. బోరు గట్టు మీద కూలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. మూడు నెలలు తిరిగిన మనిషి.

"ఆదెన్నా, ఇది మూసే ఉపాయముందా?"

"ఉంది. ఈ బోరు లోపట సన్నటి పైపు ఇంకోటి నూటపది దాంక దించి, రెండింటి నడుమ సిమెంటు పోస్తె పై ఊట బందయితది. దానికంటె ముందుగాల కింద, నూట ఎనభై కాడ, రెండు వందల నలభై కాడ రాయి పగలగొడితె మంచి నీళ్లు పెరుగుతయి. నాలుగైదు దినాల పని."

"అయితే చెయ్యి. ఈ సంగతి మన నడుమనే ఉండనీ. మోటరు కాలిందని చెప్దాం. ఐదు దినాల్ల మంచి నీళ్లొస్తయి. అయిపోయిన దానికి ఊరిని భయపెట్టి ఏం ఫాయిదా?"

ఆదెన్నకు ఆ మాట సబబుగానే తోచింది. తలూపాడు కూడా. మంచి జరగబోతున్నప్పుడు చెడ్డను తవ్వడమెందుకు అనుకున్నాడు.

"ఈ ఐదు దినాలు ఊరు ఏం తాగాల?" అంది నాగేంద్రమ్మ.

"ట్యాంకరు నింపి తెచ్చింది ఉంది గదా, నది నీళ్లు. రాయి పగలగొట్టనీకె తెచ్చినం. అది పంచి, మల్ల తెప్పిద్దాం," అన్నాడు ఆదెన్న.

"మంచిది. ఇండ్లల్ల కొడాలల్ల, గోలెంలల్ల మొన్న నేను ఇడిసిన నీళ్లు ఇంకా ఉన్నయి. మోటరు కాలిందని చెప్తె ఆ నీళ్లు పొదుపు జేసుకోని తాగుతరు. అవి మంచియి, ట్యాంకరియి పశులకు అనుకుంటరు."

పంపన్న ఆదెన్న వైపు చూశాడు.

"నేను చెప్తా," అంది ఆమె.

"నీకెందుకే ఆ పీడ," పంపన్న లేచి నిలబడ్డాడు. "నువ్వు జేసిన తప్పా అది? నిన్న పొద్దుగాల నిన్ను తిట్టినోళ్లే మల్ల నిన్నే తింటరు."

"పదకొండేండ్లు నా చేతితోని ఇడిసిన పంపన్నా. మంచి నీళ్లు రాండ్రి అని పిలిచి పిలిచి ఇడిసిన. చెడ్డయని తెలిసినంక ఇంకొకరి నోటితోని చెప్పిస్తె బాగుంటదా?"

ఆ సాయంత్రం తిమ్మన్నదొడ్డి వీధుల్లో ట్యాంకరు మనిషి నడిచే వేగంతో కదిలింది. ముందు నాగేంద్రమ్మ, వెనక గొట్టం పట్టుకుని ఆదెన్న. ప్రతి గడప ముందూ ఆమె ఆగింది. ప్రతి చోటా అదే మాట, పొల్లు పోకుండా: "బోరు మీది పైపు ఇరిగింది. పాత బాయి నీళ్లు దాంట్లకు కలుస్తున్నయి. ఎన్నేండ్లాయెనో తెల్వదు. నేను ఇడిసిన నీళ్లు ఏమున్నా పారబొయ్యండ్రి. ఇవి పట్టుకోండ్రి, కాచి, వడగట్టి తాగుండ్రి." కొందరు విని, బిత్తరపోయి, గబగబా బిందెలు ఖాళీ చేశారు. కొందరు అర్థం కానట్టు మళ్లీ చెప్పించుకున్నారు. ఒక ముసలాయన, డెబ్బై ఏళ్లు ఏ నీళ్లో తాగాను, ఇవేం చేస్తాయి అని నవ్వి లోపలికి పోయాడు. ఆమె అతని వెంట లోపలికి వెళ్లి, అడిగి, తానే కొడం ఎత్తి పెరట్లో పారబోసి, కడిగి, నింపి పెట్టి వచ్చింది.

రామాబాయి ఇంటి ముందు మాత్రం చాలాసేపు పట్టింది. నిన్న పొద్దున గుంపులోంచి లైను మాట అన్నది రామాబాయే. చెప్పింది విన్నాక ఆమె లోపలికి వెళ్లి నిండు బిందె తెచ్చింది. తెచ్చి నాగేంద్రమ్మ కాళ్ల ముందు బోర్లించింది. నీళ్లు ఇద్దరి పాదాలూ తడిపి మోరీలోకి పోయాయి.

"రెండేండ్లసంది నా బిడ్డకు కడుపుల నొప్పి. రాయచూరు దవాఖానల తిప్పితిమి, దేవర కాడికి పోతిమి. దినాం పొద్దుగాల మూత తీసి, నువ్వే ఒక దోసెడు తాగి సూసి, అప్పుడు ఇడుస్తవు గదా. నీకు తెల్వలేదా?"

ఆ నొప్పి నీళ్ల వల్లనో కాదో ఇప్పుడే చెప్పలేమన్న మాట ఆదెన్న నోటి దాకా వచ్చింది. పైపు గురించి, ఆ బోరు వేసిన కాంట్రాక్టరు గురించి, రోజూ కొంచెం కొంచెంగా మారే రుచి నాలికకు తెలియదని కూడా చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. నాగేంద్రమ్మ వాటిలో ఒక్కటీ అనలేదు.

"తెల్వలేదు రామాబాయి," అంది. "తెలుసుకోవాల్సింది. తెలుసుకోలె."

ఆ ఖాళీ బిందెను తానే తీసుకుని ట్యాంకరు కింద పెట్టింది. ఆదెన్న గొట్టం వదిలాడు. నిండాక, ఎత్తి గడప లోపల పెట్టి, పక్కింటి వైపు నడిచింది. అప్పటికి ఇరవై మూడిళ్లు అయ్యాయి. ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి. ఆదెన్న గొట్టం భుజానికెత్తుకుని ఆమె వెనక నడిచాడు. బండెడు రాతిని చీల్చే యంత్రం నడిపిన మనిషి, ఆ వీధిలో ఆ ఆడమనిషి వెనక నడవడం తనకు పెద్దరికమేనని మొదటిసారి అనిపించి, ఎందుకో తువ్వాల సరిచేసుకున్నాడు.

ట్యాంకరు మళ్లీ నిండి రావడానికి ఒక రోజంతా పట్టింది. నాలుగో రోజు పొద్దున బిరడా నూట ఎనభై దగ్గర దించుతుంటే నాగేంద్రమ్మ వచ్చింది.

"నువ్వు పగలగొట్టేటప్పుడు నేను పాత బాయి కాడ ఉంట. నీళ్లు కదిలినయంటె కింద పగిలింది గూడ అటు దిక్కే పోయిందన్నట్టు గదా?"

"అవును."

"అయితే నేను చెయ్యెత్తుత. ఎత్తిన మరుక్షణం ఆపాల."

"ఆపుతా," అన్నాడు ఆదెన్న. "ఎత్తినవంటె బిరడా తీసి, బోరు పూడ్చిపెట్టి పోతా. ఆఫీసుకు నేను చెప్పుకుంటా."

రెండు వందల అడుగుల దూరం. ఆమె బావి అంచున కూర్చుని, దారానికి రాయి కట్టి నీటి మట్టం దాకా దించి, రాయి సగం మునిగి సగం బయటుండేట్టు పెట్టి, దారం పట్టుకుంది. మెట్టు మీద బొగ్గుతో గీత కూడా గీసింది. ఊరంతా వచ్చింది. తాగడానికి నీళ్లు లేనప్పుడు ట్యాంకరెడు నీళ్లు బోరులోకి పోతుంటే ఆడవాళ్లు చూస్తున్నారు. పంపు మొదలైంది. ఒత్తిడి చూపే గేజి ముల్లు ఇరవైకి, నలభైకి ఎక్కింది. గొట్టం పాములా బిగిసి లేచింది. ఆదెన్న ఒక చెయ్యి వాల్వు మీద, ఒక కన్ను గేజి మీద, ఇంకో కన్ను బావి మీద. అరవై. డెబ్బై ఐదు. కాళ్ల కింద నేల సన్నగా అదిరింది. ఎనభై. అక్కడ ముల్లు ఆగిపోయింది, ఎక్కనూ లేదు, దిగనూ లేదు. ముల్లు మళ్లీ కదిలింది. తొంభై రెండు. టక్కున ముల్లు ముప్పై ఐదుకు పడిపోయింది. రాయి తెరుచుకుంది.

మామూలుగా అయితే ఆ పడటమే పండగ. ఈసారి అతను గేజి చూడలేదు. బావి అంచున ఉన్న మనిషిని చూశాడు. ఆమె వంగి ఉంది. తల ఎత్తడం లేదు. నీళ్లు లోపలికి పోతూనే ఉన్నాయి. ఒక నిమిషం. రెండు. ఎవరో దగ్గారు. ప్రతాప్ ఆరిపోయిన బీడీని అలాగే పెదవుల మధ్య పట్టుకుని ఉన్నాడు. పది నిమిషాలు అలా గడిచాక ఆమె లేచి నిలబడింది. దారం పైకి లాగి చుట్టుకుంటూ, చేతులు దించుకునే నడిచి వచ్చింది.

"కదల్లె," అంది. "గీత కాడ్నే ఉంది. ఇంకోటి రెండు వందల నలభై కాడ అంటివి గదా. దానికి గూడ నేను పోయి కూసుంట."

రెండోసారీ ఆమె చెయ్యి లేవలేదు.

సన్న పైపు దించి, రబ్బరు పట్టీ బిగించి, సిమెంటు పోయాల్సి వచ్చినప్పుడు, ఆఫీసు నుంచి బస్తాలు రావడానికి వారం పడుతుందని తేలింది. పంపన్న ఎవరికీ చెప్పకుండా వెళ్లి, సగం కట్టి ఆపిన తన ఇంటి కోసం తెచ్చుకున్న బస్తాలు ఎద్దుల బండి మీద వేసుకొచ్చాడు. సిమెంటు పాలు పలచగా కలిపి, పైపుల మధ్య సందులోకి గరాటుతో, గాలి బుడగలు రాకుండా, పొద్దుగూకే దాకా పోశారు. గట్టిపడటానికి రెండు రోజులు ఆగారు. ఆ రెండు రోజులూ ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను, బండి ఇంకా ఎందుకు కదలలేదని. "పని కాలె సార్," అని ఒకే మాట చెప్పి పెట్టేసేవాడు ఆదెన్న.

ఎనిమిదో రోజు మోటరు దించి బటను నొక్కితే నీళ్లు మునుపటికి రెండింతల లావుగా వచ్చాయి. సాహితి మీటరులో ఆరు వందల తొంభై. కాగితం మీద తేదీ, లోతు, అంకె రాసి, కింద తన పేరు రాసి సంతకం పెట్టింది. పై ఊట నీళ్లలో ఏమేం ఉన్నాయో ఇంకో కాగితం మీద రాసి పంపన్నకు ఇచ్చింది. అది చదివి అతను రాయచూరు బస్సు టైము అడిగాడు. ఆఫీసుల చుట్టూ ఇంకోసారి తిరగడానికి.

"ఈ రోజుకి బాగున్నాయండీ," అంది సాహితి నాగేంద్రమ్మతో. "ఏడాదంతా నెలనెలా చూడాలి. నేనొస్తాను. చెరువు అక్కడే ఉంది కదా."

ఆడవాళ్లు నీళ్లు పట్టుకున్నారు. ఎవరూ ఆమెకు మొక్కలేదు, తప్పయిందనలేదు. రామాబాయి కూడా వచ్చి, తలెత్తకుండా బిందె నింపుకుని వెళ్లిపోయింది. నాగేంద్రమ్మకు అది పట్టినట్టు లేదు. వాల్వు దగ్గర కారుతున్న చోట తాడు చుడుతూ ఉంది.

ఆదెన్న పైపులు లారీ మీదికెక్కించి తాళ్లు బిగిస్తుంటే, కట్ట వైపు నుంచి సైకిలు తొక్కుకుంటూ ఒక మనిషి వచ్చాడు. కట్టకు అటుపక్క పల్లెలో నీళ్లు వదిలే ఈరేష్ అని చెప్పుకున్నాడు. లారీ చూసి ఆదెన్న దగ్గరే ఆగాడు గాని, అతని కళ్లు వేరెవరి కోసమో వెతుకుతున్నాయి.

"మా ఊర్ల బోరు గూడ సూడాలన్నా. అయినా నువ్వు చెప్తె మావోళ్లు నమ్మరు. ఆఫీసోళ్లు చెప్పినా నమ్మరు, ప్లాంటోళ్లు చెప్పినా నమ్మరు. ఎన్నిసార్లు ఎన్ని చెప్పలేదు." సైకిలు స్టాండు వేశాడు. "తను ఇడిసిన నీళ్లే చెడ్డయని ఇంటింటికి పోయి చెప్పినామె ఒకామె ఉందంట గదా ఈ ఊర్ల. ఆమె వచ్చి చెప్తె నమ్ముతం."

ఆదెన్న పక్కకు జరిగాడు. నాగేంద్రమ్మ వాల్వు దగ్గర నుంచి లేచి, తడి చేతులు చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఈరేష్ చెప్పింది ఇంకోసారి చెప్పాడు. ఆమె విని, నిలబడి, ఇంటి దిక్కు ఒకసారి, పొద్దు దిక్కు ఒకసారి చూసింది.

"ఎంత లోతు మీది?"

"రెండు నూర్లంటరు."

"కేసింగు?"

"అది మాకు తెల్వదక్కా."

ప్రతాప్ ముందు సీటు మీది రెంచీలు, గొలుసు తీసి వెనక్కి వేశాడు. ఆదెన్న నడుమకు జరిగి కిటికీ పక్క చోటిచ్చాడు. నాగేంద్రమ్మ ఆ ఎత్తు మెట్టు మీద కాలు పెట్టి, తలుపు పట్టుకుని ఎక్కి కూర్చుంది. చెంగు సర్దుకుని, అద్దంలోంచి రోడ్డు చూస్తూ, ఎన్నాళ్లనుంచో ఆ బండిలోనే తిరుగుతున్న మనిషిలా చెప్పింది:

"ముందుగాల మోటరు మీదికి తీద్దాం. ఏం పగలగొట్టొద్దు. చెవి పెట్టి ఇందాం ఫస్టు."

ప్రతాప్ బండిని కట్ట దారి పట్టించాడు. సైకిలు ముందు పోతోంది.